క్షయ రోగి మాత్ర మర్చిపోడు

టీబీ మందులు వాడేవాళ్ళు మతిమరుపు వల్ల మాత్రలు వదిలేస్తారని ఎవరైనా అంటే నాకు ముందు నవ్వు వస్తుంది, ఆ వెంటనే కోపం వస్తుంది. పొద్దున్నే పరగడుపున, బరువును బట్టి మూడో నాలుగో ఐదో పెద్ద మాత్రలు ఒకేసారి మింగాలి. మింగిన కాసేపటికి కడుపులో తిప్పుతుంది. మూత్రం నారింజ రంగులో వస్తుంది. ఒక్కోసారి చెమటకూ కన్నీళ్ళకూ కూడా ఆ రంగు దిగుతుంది. కొందరికి కీళ్ళు పట్టేస్తాయి. తనకు జబ్బుందని ఒళ్ళే పూటపూటా గుర్తుచేస్తుంటే ఆ మనిషి మాత్రల సంగతి ఎలా మర్చిపోతాడు? మర్చిపోదామనుకున్నా కుదరదు.

అయినా ఈ రోగుల కోసం తయారైన ఫోన్ యాప్‌లలో చాలావాటికి మొట్టమొదటి పని గంట మోగించడం. గంట మోగుతుంది. "ఈరోజు మాత్రలు వేసుకున్నారా?" అని తెర మీద ప్రశ్న వస్తుంది. అవునని నొక్కితే క్యాలెండరులో ఆ రోజు గడి పచ్చగా మారుతుంది, నొక్కకపోతే ఎర్రబడుతుంది. నెల తిరిగేసరికి పచ్చ గళ్ళు లెక్కపెట్టి రోగి బుద్ధిమంతుడో కాదో తేలుస్తారు. బడిలో హాజరుపట్టీకీ దీనికీ నాకు తేడా కనిపించదు.

యాప్‌లే వద్దని నేను వాదించడం లేదు. కావాలనే అంటున్నాను. కానీ రోగిని కాపలా కాసేది కాదు, రోగి పిలిస్తే పలికేది కావాలి. ఈ రెండూ ఒకే ఫోనులో ఒకే తెర మీద ఉండవచ్చు, పైకి ఒకేలా కనిపించవచ్చు కూడా. లోపల మాత్రం ఒకటి పోలీసు, ఇంకొకటి తోడు.

నాది గుంటూరులో మందుల షాపు. టీబీ మందులు షెడ్యూల్ హెచ్1లో, అంటే అమ్మకాలకు ప్రత్యేకంగా లెక్క రాయవలసిన మందుల జాబితాలో ఉన్నాయి కాబట్టి 2014 మార్చి నుంచి వాటిని అమ్మిన ప్రతిసారీ రోగి పేరు, డాక్టరు పేరు, ఏ మందు ఎంత ఇచ్చామన్నది వేరే రిజిస్టరులో రాయాలి, దాన్ని మూడేళ్ళు దాచాలి. చాలామంది షాపువాళ్ళకు అదొక తద్దినం. నాకు మాత్రం ఆ పుస్తకం తిరగేయడం అలవాటైంది. ఒక పేరు మొదటి నెల కనిపిస్తుంది, రెండో నెల కనిపిస్తుంది, మూడో నెల ఉండదు. కొందరు ప్రభుత్వ ఆసుపత్రికి మారి ఉచితంగా తీసుకుంటూ ఉంటారు, అది మంచిదే. మిగతావాళ్ళు తెలిసినవాళ్ళయితే ఎదురుపడినప్పుడు అడుగుతాను. మర్చిపోయానన్నవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. "తగ్గిపోయింది కదండీ" అంటారు. "పడటం లేదండీ" అంటారు. "పనిలోకి వెళ్ళాలి కదండీ" అంటారు. ఇంకొందరు ఏమీ అనకుండా పక్కకు చూస్తారు. వాళ్ళ సంగతి తర్వాత చెబుతాను.

తగ్గిపోయిందన్న మాటలో అబద్ధం లేదు, అదే అసలు చిక్కు. మామూలు టీబీకి చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ కలిపి ఇస్తారు. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ కొనసాగిస్తారు. చురుగ్గా పెరిగే క్రిములు మొదటి వారాల్లోనే కుప్పలుగా చస్తాయి. జ్వరం ఆగుతుంది, దగ్గు సర్దుకుంటుంది, అన్నం సహిస్తుంది. మిగిలినవి మందకొడి క్రిములు, దాదాపు నిద్రలో ఉన్నట్టుంటాయి. పెరగని క్రిమి మీద మందు సరిగా పనిచేయదు. మిగతా నెలలన్నీ వాటికోసమే. అంటే జబ్బు వల్ల ఏ బాధా లేని మనిషి, బాధ పెట్టే మాత్రలను నెలల తరబడి మింగాలి. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మళ్ళీ లేస్తాయి. ఒకరోజు వేసి ఒకరోజు మానుతూ అరకొరగా వాడితే మందుకు లొంగని రకం తయారవుతుంది. ఈ తిరకాసును కూర్చోబెట్టి చెప్పాలి. రెండో నెల చివర ఇంకోసారి చెప్పాలి, ఎందుకంటే మానేసే ఆలోచన సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. గంట మోగించే యాప్‌కు మొదటి నెలకూ మూడో నెలకూ తేడా తెలియదు.

గుంటూరులో దీనికి తోడు మరో సమస్య ఉంది. ఇక్కడ దగ్గు ఎవరికీ అనుమానం పుట్టించదు. మిరప యార్డులోకి సీజనులో అడుగుపెట్టి చూడండి. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దించే ముఠా కూలీలు, తొడిమలు తీసే ఆడవాళ్ళు, కమీషన్ దుకాణాల గుమస్తాలు, చివరికి టీ పోసే కుర్రవాడు కూడా దగ్గుతూనే పని చేస్తుంటారు. కొత్తగా వెళ్ళినవాళ్ళకు తుమ్ములు ఆగవు. అలాంటి చోట రెండు వారాలుగా దగ్గుతున్నానని ఎవరైనా చెబితే పక్కవాడు "ఘాటు పట్టింది, బెల్లం ముక్క వేసుకో" అంటాడు. దగ్గు మందు సీసాలు ఒకటి తర్వాత ఒకటి అయిపోతాయి. కళ్లె పరీక్షకు వెళ్ళేసరికి మనిషి సగమై ఉంటాడు.

మా షాపుకు వచ్చే ఒక ముఠా కూలీ సంగతి చెబుతాను. నలభై కిలోల పైచిలుకు టిక్కీని భుజాన వేసుకుని లారీ ఎక్కించే మనిషి. టీబీ అని తేలింది, మందులు మొదలయ్యాయి, ఫోనులో ఒక యాప్ కూడా వేసి ఇచ్చారు. అతని క్యాలెండరు నిండా పచ్చ గళ్ళే. ఒకరోజు వాంతులకు మందు అడిగితే, ఎప్పుడు అవుతున్నాయని అడిగాను. కాసేపు నసిగి చెప్పాడు. పరగడుపున మాత్రలు వేసుకుని బరువెత్తితే కడుపులోది బయటికి వచ్చేస్తోందట. ముఠా అంటే జట్టు పని. ఒకడు పక్కన కూర్చుంటే మిగతావాళ్ళ కూలీ దెబ్బతింటుంది. అందుకని సరుకు ఎక్కువగా వచ్చిన రోజుల్లో మాత్రలు మానేసి, యార్డు సెలవు రోజుల్లో మాత్రం వేసుకుంటున్నాడు. మరి ఆ పచ్చ గళ్ళు? "అవును అని నొక్కకపోతే ఫోన్ చేస్తారండీ. ఫోను మేస్త్రి ముందే మోగుతుంది." నొక్కడం మాత్రం ఒక్కరోజూ మానలేదు. యాప్ దృష్టిలో జిల్లాలోనే ఆదర్శ రోగి.

అతనికి పనికొచ్చిన పరిష్కారం చిన్నది. డాక్టరును అడిగితే, రాత్రి కొంచెం తిన్నాక వేసుకోమన్నారు. పరగడుపున వేసుకుంటే మందు బాగా ఒంటబడుతుందన్నది నిజమే. కానీ అసలు వేసుకోకపోవడం కంటే కాస్త తిని వేసుకోవడం ఎన్నో రెట్లు నయం. ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. కడుపు మంటకని ఎవరో చెబితే, మాత్రలతో పాటే యాంటాసిడ్ సిరప్ తాగుతున్నాడు. అల్యూమినియం ఉన్న అలాంటి సిరప్‌లు ఐసోనియాజిడ్‌ను సరిగా ఒంటబట్టనివ్వవు, రెండింటికీ మధ్య గంటలకొద్దీ ఎడం ఉండాలి. ఈ రెండు మాటలూ చెప్పడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. "వేసుకున్నారా?" అని కాకుండా "వేసుకుంటే ఏమవుతోంది?" అని అడిగే మనిషి ఒకరు ఉంటే చాలు.

నిఘా అన్నది యాప్‌లతో వచ్చింది కాదు, టీబీ వైద్యంలో మొదటినుంచీ ఉన్నదే. మందులు లేని రోజుల్లో రోగిని ఊరికి దూరంగా శానిటోరియంలో పెట్టేవారు. మంగళగిరి ఎయిమ్స్ చిరునామాలో ఇప్పటికీ పాత టీబీ శానిటోరియం రోడ్డు అనే ఉంటుంది. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, వీటికి తోడు గోడలు. 1956లో మద్రాసులో మొదలైన ప్రయోగం ఆ గోడలను కూల్చింది. ఇరుకు ఇళ్ళలో, అంతంత మాత్రం తిండి తింటూ ఇంట్లోనే మందులు వాడినవాళ్ళకూ, శానిటోరియంలో ఉండి వాడినవాళ్ళకూ దాదాపు ఒకే ఫలితం వచ్చిందని 1959లో తేల్చి చెప్పారు. ప్రపంచమంతా టీబీ వైద్యం ఇంటి బాట పట్టింది మన పక్కనున్న ఆ ఊరి వల్లే. అయితే ఇంటికి పంపగానే వైద్యుల గుండెల్లో ఇంకో భయం మొదలైంది: మింగుతున్నాడా, పారేస్తున్నాడా? మూత్ర పరీక్షలు, మాత్రలు లెక్కపెట్టడాలు, చివరికి ఎదురుగా కూర్చోబెట్టి మింగించడం అక్కడినుంచి వచ్చినవే.

డాట్స్ అని మనవాళ్ళకు బాగా తెలిసిన ఆ పద్ధతి దేశంలో 1997 నుంచి విస్తరించి 2006 నాటికి అన్ని జిల్లాలకూ చేరింది. వారానికి మూడు రోజులు కేంద్రానికి వచ్చి ఎదురుగా మింగాలి. ఆ కాలంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. రోగి పేరు రాసిన పెట్టె ఒకటి ఉండేది, కొత్త రోగులకు ఎర్రది, మళ్ళీ జబ్బు పడినవాళ్ళకు నీలంది. మొత్తం చికిత్సకు సరిపడా మాత్రలు మొదటిరోజే ఆ పెట్టెలో అతని పేరిట ఉండేవి. మధ్యలో స్టాకు లేదన్న మాట రాకూడదని ఆ ఏర్పాటు. తర్వాత రోజువారీ మందుల విధానం వచ్చింది, వైద్యపరంగా అది మెరుగైనదే. కానీ 2024లో దేశంలో చాలాచోట్ల టీబీ మందులకు కొరత వచ్చి, స్థానికంగా కొనుక్కోమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చినప్పుడు నాకు ఆ ఎర్ర పెట్టె గుర్తుకొచ్చింది. మాత్రలు దొరకని రోజు ఎర్ర గడి ఎవరి ఖాతాలో పడాలి? రోగి మాట తప్పితే లెక్క రాయడానికి యంత్రం ఉంది, సర్కారు మాట తప్పితే రాయడానికి లేదు.

పోనీ, ఎదురుగా మింగించడం వల్ల ఒరిగిందెంత? అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ పోగుచేసి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ సమీక్ష, సొంతంగా మాత్రలు వేసుకున్నవాళ్ళ కంటే ఎదురుగా మింగినవాళ్ళు ఎక్కువగా నయమైన దాఖలా లేదని 2015లో తేల్చింది. యాప్‌లు తయారుచేసేవాళ్ళు మొదట చదవవలసింది దీన్ని. మనిషే దగ్గర కూర్చుని కాపలా కాస్తే రాని ఫలితం, తెర కాపలా కాస్తే వస్తుందా?

ఫోను కాపలాకు మన దేశంలో పేరున్న ఉదాహరణ 99డాట్స్. మైక్రోసాఫ్ట్ వారి బెంగళూరు పరిశోధనశాలలో పుట్టిన ఆలోచన అది. నిజానికి చాలా తెలివైనది కూడా. మాత్రల అట్టకు ఒక కాగితపు తొడుగు ఉంటుంది. మాత్రను నొక్కి బయటికి తీస్తే దాని వెనక దాగిన ఫోన్ నంబరు కనబడుతుంది. ఏ మాత్ర వెనక ఏ నంబరుందో ముందుగా తెలియదు. ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే ఆ రోజు మాత్ర వేసుకున్నట్టు లెక్క. ఖరీదైన ఫోను అక్కర్లేదు, డబ్బు ఖర్చు లేదు, చదువు రానివాళ్ళు కూడా వాడవచ్చు. పేదవాడి ఫోనును దృష్టిలో పెట్టుకుని చేసిన పని అని నేను గౌరవిస్తాను. కానీ మూత్రంలో ఐసోనియాజిడ్ ఆనవాళ్ళు వెతికి ఆ ఫలితాన్ని ఫోను లెక్కతో పోల్చిన పరిశోధన కూడా మన దేశంలోనే జరిగింది. ఫోను లెక్కలో మాత్ర వేసుకోనట్టు కనిపించినవాళ్ళలో చాలామంది నిజానికి వేసుకున్నారని అందులో తేలింది. వాళ్ళు మానింది మాత్రను కాదు, కాల్‌ను. ఇక కాల్ చేసి మాత్రను మానే మా ముఠా కూలీలాంటివాళ్ళు ఆ లెక్కకు రెండో చివర ఉంటారు.

విదేశాల్లో జరిగిన మూడు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే నా వాదన ఇంకొంచెం తేటపడుతుంది. చైనాలో 2015లో వెలువడినదాంట్లో కొందరికి గుర్తుచేసే సందేశాలు పంపారు, కొందరికి మాత్రలు పెట్టుకునే ఎలక్ట్రానిక్ పెట్టె ఇచ్చారు. అయిదో వంతు మోతాదులైనా తప్పిన నెలలు, ఏ సాయమూ లేనివాళ్ళలో 29.9 శాతం. సందేశాలు అందినవాళ్ళలో 27.3 శాతం. ఆ సందేశాలు ఉన్నా లేనట్టే. పెట్టె ఇచ్చినవాళ్ళలో మాత్రం అది 17 శాతానికి దిగింది, ఎందుకంటే పెట్టె లెక్కను నెలనెలా డాక్టరు రోగితో కలిసి కూర్చుని చూసేవాడు.

నైరోబీలో 2019లో వెలువడిన ప్రయోగంలో మామూలు బటన్ ఫోన్లే వాడారు. రోజూ జవాబివ్వమన్నారు. ఇవ్వకపోతే ముందు సందేశం, తర్వాత మనిషి నుంచి ఫోన్. చికిత్స దారి తప్పినవాళ్ళు, అంటే మానేసినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, మందు పనిచేయనివాళ్ళు, మామూలు పద్ధతిలో 13.1 శాతం ఉంటే ఇందులో 4.2 శాతమే. ఇంత తేడా తెచ్చింది గంట కాదు, గంట తర్వాత వినిపించిన మనిషి గొంతు.

ఇక లండన్ ప్రయోగం. అదీ 2019లోనే వెలువడింది. రోగులు మాత్ర మింగుతూ ఫోనులో వీడియో తీసి పంపాలి. మొదటి రెండు నెలల్లో అనుకున్న మోతాదుల్లో 80 శాతానికి తగ్గకుండా చూపించినవాళ్ళు వీడియో పద్ధతిలో 70 శాతం, కేంద్రానికి వచ్చి మింగే పద్ధతిలో 31 శాతం. ఇది చూపించి, "చూశారా, కాపలాయే గెలిచింది" అని నాతో వాదించినవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. కాపలా రెండు వైపులా ఉంది కదా. తేడా ఎక్కడంటే, ఒకరు బస్సెక్కి రోజూ కేంద్రానికి వెళ్ళాలి, ఇంకొకరు వంటింట్లో నిలబడి అరనిమిషంలో పని ముగించుకుని తన దారిన తాను వెళ్ళిపోవచ్చు. ఆ యాప్ రోగికి రోజులో కొన్ని గంటలు తిరిగి ఇచ్చింది. రోగి నుంచి ఏదో తీసుకునే యాప్‌ను వాడరు, ఏదైనా ఇచ్చే యాప్‌ను వాడతారు. ఇంతకంటే పెద్ద సూత్రమేమీ నాకు కనబడలేదు.

ఇప్పుడు పక్కకు చూసేవాళ్ళ సంగతి. విజయవాడ కృష్ణలంకలో మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి, పెళ్ళయి ఎక్కువ కాలం కాలేదు, టీబీ వచ్చింది. భర్తకు తెలుసు, అత్తగారికి తెలియదు. ఇంట్లో ఉన్నది ఒకే స్మార్ట్ ఫోను, దాని మీద పగలంతా మరిది ఆటలాడుతుంటాడు. ఆ ఫోనులోకి జబ్బు పేరుతో సహా తెలుగులో, తెర తెరవకుండానే చదవగలిగేటట్టు సందేశం వచ్చింది. తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో రాయను. కంచం వేరు చేయడం వరకు మాత్రం చెబుతాను. మామూలు టీబీలో మందులు మొదలైన కొద్ది వారాల్లోనే ఇంకొకరికి అంటించే అవకాశం బాగా పడిపోతుందనీ, కంచం వల్ల, బట్టల వల్ల టీబీ రాదనీ ఆ అత్తగారికి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఫోను కోడలి జబ్బును చెప్పింది, ఆ మాట చెప్పలేదు.

ఆడవాళ్ళ విషయంలో ఇంకొకటి ఉంది, చాలామంది మొహమాటపడి చెప్పరు కాబట్టి నేను చెబుతాను. రిఫాంపిసిన్ వాడుతున్నప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. వేరే జాగ్రత్త తీసుకోవాలి. టీబీ మందులు మొదలుపెట్టిన కొత్త పెళ్ళికూతుళ్ళలో ఎంతమందికి ఈ మాట చెబుతున్నాం? అలాగే కొన్ని షుగరు మాత్రల బలాన్ని కూడా రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. షుగరు, టీబీ కలిసి ఉన్న మనిషికి ఇదొక అదనపు పీడ. ఇక మద్యం. "తాగి మాత్రలు వేసుకోకూడదు" అని అందరం చెబుతాం, కాలేయం సంగతి తెలుసు కాబట్టి. దాన్ని అక్షరాలా పాటించేవాళ్ళు ఉన్నారు. తాగిన రోజు మాత్రలు మానేస్తారు! అవును, కాదు అన్న రెండు మీటల మధ్య ఇవేవీ పట్టవు.

మా స్నేహితుడి అబ్బాయి విజయవాడలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఇలాంటి యాప్ ఒకటి తయారుచేస్తూ, సలహా కోసం ఆదివారం పూట మా ఇంటికి వచ్చాడు. తెర తీసి చూపించాడు. పచ్చ గళ్ళు, ఎర్ర గళ్ళు, వరసగా వారం వేసుకుంటే ఒక బంగారు నక్షత్రం. "బావుంది నాయనా, ఈ నక్షత్రం ఏం చేసుకోను?" అన్నాను. నొచ్చుకున్నాడు పాపం. తర్వాత ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం.

ముందు నేను అడిగింది కామెర్ల గురించి. ఈ మందుల వల్ల కొందరికి కాలేయం దెబ్బతింటుంది. కామెర్లు వస్తే మూత్రం ముదురు రంగులోకి మారుతుందని మన ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ టీబీ రోగికి ఎలాగూ రంగు మూత్రమే. "ఇది మాత్రల రంగేలే" అని ఊరుకుంటాడు. అతను చూసుకోవలసింది కంటి తెల్లగుడ్డు పచ్చబడిందా, అన్నం వాసన పడటం లేదా, వాంతులు ఆగడం లేదా అని. అలా ఉంటే మాత్రలు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఇథాంబుటాల్ వాడుతున్నవాళ్ళకు చూపు మసకబారినా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోయినా అంతే. అరికాళ్ళలో తిమ్మిర్లు, మంటలు అయితే అంత కంగారు అక్కర్లేదు, చాలావరకు ఐసోనియాజిడ్ వల్ల, బి6 విటమిను మాత్రతో సర్దుకుంటాయి. కీళ్ళనొప్పులు సాధారణంగా పైరజినమైడ్ పుణ్యం, రెండు నెలలు గడిస్తే అదీ పోతుంది. ఏది ఓర్చుకోవాలి, ఏది ఓర్చుకోకూడదు అన్నదే రోగికి రాత్రిపూట నిద్ర పట్టనివ్వని ప్రశ్న. ఈ ప్రశ్నను నోటితో తెలుగులో అడిగి, నోటిమాటగానే జవాబు వినగలగాలి. మా కూలీలకు టైపు చేయడం రాదు.

ఆ అబ్బాయి రాసుకుంటూ, "మరి డేటా బాబాయ్‌గారూ? ఎవరు మానేశారో డిపార్ట్‌మెంటుకు తెలియాలి కదా?" అన్నాడు. తెలియాలి. నేను కాదనలేదు. 2012లో మొదలైన నిక్షయ్, అంటే టీబీ రోగులను నమోదు చేసే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ, అందుకే ఉంది. అందులో నమోదైన రోగి వివరాలు ఏ ఊరు వెళ్ళినా అతనితో వెళతాయి. కర్నూలు వైపు నుంచి మిరప కోతలకు ఏటా మన జిల్లాలకు వచ్చే కుటుంబాలకు దీని విలువ నాకంటే బాగా తెలుసు. ఊళ్ళో మొదలుపెట్టిన మందులు కోతలకు వచ్చిన చోట దొరకాలంటే, ఆ రోగి ఎవరో ఇక్కడి కేంద్రానికి తెలియాలి. ఇది కంప్యూటరే చేయగల పని, చేస్తోంది కూడా. కోతలకు బయల్దేరే ముందు "ఏ ఊరు వెళుతున్నారు?" అని యాప్ ఒక్క ప్రశ్న వేసి, అక్కడ మాత్రలు ఎక్కడిస్తారో చెబితే వంద గంటలు మోగించడం కంటే మేలు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్‌లో మా పిన్ని కొడుకు ఇల్లు నడుములోతు నీళ్ళలో ఉంది. అతని భార్యకు చికిత్స నడుస్తోంది. మాత్రల అట్టలు తడిసి ముద్దయ్యాయి, కరెంటు లేక ఫోన్లు చచ్చిపోయాయి, పడవలో బయటపడి బంధువుల ఇంటికి చేరారు. అక్కడ నిక్షయ్ నంబరు చెబితే దగ్గరి కేంద్రంలో మందులిచ్చారు. కంప్యూటరుకు నేను మనసారా దండం పెట్టుకున్న రోజు అది. నీళ్ళు దిగి, ఫోనుకు ప్రాణం వచ్చాక యాప్ తెరిస్తే వరసగా ఎర్ర గళ్ళు, కింద ఒక మందలింపు. ఊరంతా మునిగిందన్న సంగతి దేశమంతా టీవీలో చూసింది, ఆ యాప్ ఒక్కటే చూడలేదు.

తిండి మాట ఎత్తకుండా ఈ చర్చ ముగించలేను. జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అనే అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. రోగుల కుటుంబాలకు నెలనెలా ఆహారం ఇస్తే ఆ ఇళ్ళలో మిగతావాళ్ళకు కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగులకు చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. ప్రభుత్వం 2018 నుంచి పోషణకని నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది. మంచి పని. ఆ డబ్బు ఆధార్‌కు ముడిపడిన బ్యాంకు ఖాతాలో పడాలి. ఖాతా వివరాల్లో తేడా ఉంటే ఎక్కడో ఆగుతుంది, ఎందుకు ఆగిందో రోగికి తెలియదు. "మీ డబ్బు ఫలానా చోట ఆగింది, ఫలానా కాగితం తీసుకుని ఫలానావాళ్ళ దగ్గరికి వెళ్ళండి" అని చెప్పే యాప్‌ను రోగి రోజుకు నాలుగుసార్లు తనంతట తానే తెరుస్తాడు. గంట అక్కర్లేదు.

టీబీని 2025కల్లా అంతం చేస్తామని 2018లో చెప్పుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మన దేశంలో కొత్త కేసులు 2015లో లక్షకు 237 ఉంటే 2023లో 195కి దిగాయి. తగ్గింది, కానీ అంతమనే మాటకు చాలా దూరంలో ఉన్నాం. ఈ తొందరలో చౌకగా కనబడే దారి యాప్. ఒకసారి తయారుచేస్తే లక్షమందికి అదే సరిపోతుందని లెక్కలు వేస్తారు. ఆ లెక్కలో ఫోన్ ఎత్తే మనిషి జీతం ఉండదు. నేను పట్టుబట్టేది ఆ ఒక్క పద్దు దగ్గరే.

ఆ అబ్బాయితో కూడా అదే అన్నాను. నక్షత్రం తీసెయ్, తెర మధ్యలో పెద్ద ఫోను బొమ్మ పెట్టు, జబ్బు పేరు తెర పైన ఎక్కడా కనబడనివ్వకు, సందేశం వస్తే అది ఆసుపత్రిదని కూడా పక్కవాడికి తెలియకూడదు. అన్నిటికీ సరేనన్నాడు. చివరికి, "బొమ్మ నొక్కితే ఫోన్ ఎవరికి వెళ్ళాలి?" అన్నాడు. 1800-11-6666 అని టీబీకి ప్రభుత్వ ఉచిత నంబరు ఉంది, ముందు అది పెట్టమన్నాను. "అది సరే, అది దొరకనప్పుడు? తెలిసిన గొంతు కావాలంటున్నారు కదా మీరే?" అన్నాడు. గడుసువాడు. ఆశా కార్యకర్తకు ఇప్పటికే తలకు మించిన యాప్‌లున్నాయి, ఆమె నెత్తిన ఇంకొకటి పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆలోచించి, ప్రయోగంగా మొదట చేర్చుకునే కొద్దిమంది ఫోన్లు మా షాపుకు మళ్ళించమన్నాను. మందుల గురించి నేను చెప్పగలిగినంత చెబుతాను, నా చేతిలో లేనిది డాక్టరుకు అందిస్తాను. రాత్రి పదింటికి షాపు కట్టేస్తాను. ఆ తర్వాత ఎవరు ఎత్తాలన్నది తేల్చుకుని వచ్చే ఆదివారం వస్తానన్నాడు.